సిమెంటుకు పోసిన నీళ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ అనిల. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, లుంగీ ఎగగట్టి ఇల్లంతా తిరుగుతున్న బాపు తమ్ముడు, కాక బాలకృష్ణ. కొనబోయే కారు రంగు గురించి ఫోనులో తల్లిగారింటికి చెబుతున్న చిన్నమ్మ నిరోష. వంటింటి వెనక గడప మీద కూర్చున్న సాయిలత. లేనిది ఇద్దరు: కంటి ఆపరేషనుకు కామారెడ్డి పోయిన కాక తల్లి, సాయిలతకు నానమ్మ అయిన అవ్వ హన్మవ్వ, ఆమెను తీసుకుపోయిన బాపు సిద్దిరాములు.

పొద్దున బస్సుకు బయలుదేరే ముందు అవ్వ పెరట్లోకి దిగింది. కండ్లలో పొర వచ్చినప్పటి నుంచి ఆమె పెరడును చేతులతోనే చూస్తోంది. ఎండిన బంతి బొడిపెను పట్టుకుని మెల్లగా నలిపింది. లోపలి గింజలు సూదుల్లా వేళ్లకు తగిలాయి. సీతజడ తలను ఒక్కసారి విదిలించింది. ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా మెరిసేవి, అరచేతిలో రాలాయి. వాటిని మళ్లీ మట్టిలోకే వదిలేసింది.

“నేనొచ్చేదాంక వీటిని ముట్టకు బిడ్డా. పిట్టల పాలు పిట్టలు తిననియ్యి. మన పాలు శివరాత్రి పోయినంక దులుపుకుందం. గీపారి కండ్లతోని జూసి దులుపుత.”

“సరే అవ్వా” అంది లత. ఇంట్లో ఆమెను అందరూ లత అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతుంది, అంతే. బళ్లో సారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా బల్ల కింద వేళ్లు విరుచుకుంటుంది.

ఊళ్లో అందరూ పువ్వు ఉన్నంతవరకే చెట్టును చూస్తారు. అవ్వకు పువ్వు వాడిన తర్వాతే పని మొదలవుతుంది. వానాకాలం చంద్రకాంతలు సాయంత్రం పూట విచ్చుకుంటే వాటి వాసన వస్తుందని తలుపు తెరిచి పెడుతుంది. బతుకమ్మ నాటికి బంతి, సీతజడ, గునుగు వాడకంతా పంచుతుంది. ఆ తర్వాత చామంతి, కనకాంబరం. చామంతి ఉండగానే మిగిలినవి ఎండడం మొదలుపెడతాయి. గులాబీ రంగు గునుగు తెల్లబడి దూదిలా అవుతుంది. ఎర్రటి సీతజడ పాత ఇటుక రంగుకు తిరుగుతుంది. చంద్రకాంతల కింద మిరియాల్లా నల్లగింజలు పడి ఉంటాయి. ఆ ఎండినవాటి మధ్య పీట వేసుకుని కూర్చోవడమంటే అవ్వకు ఎక్కడలేని ఇష్టం. దులిపిన గింజలను బూడిదలో కలిపి, గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీస్తుంది. మిరుగు రోజు, మృగశిర కార్తె మొదలవగానే, వాడలోని ఆడవాళ్లంతా వచ్చి కొంగులో చిటికెడు చిటికెడు పెట్టించుకుపోతారు.

ఆ పొద్దు ఎండ ఇంకా పెరటి గోడ దిగకముందే వెనక గల్లీలో డోజరు చప్పుడు వినిపించింది. కాక పెరటి గేటు దగ్గరికి పరుగెత్తినట్టే పోయాడు.

“ఏం బాలన్నా, పోయినవారం ఖాళీగున్న, వస్తనంటె వద్దంటివి. బేస్తారమే గావాలంటివి” అన్నాడు డోజరు నడిపే అతను, పైనుంచే.

“బేస్తారమే మా అవ్వకు ఆపరేషన్ డేటు దొరికింది. ఆమె ఉంటె కానియ్యది, నీకు తెల్వదా.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

గడప మీద లతకు ఆ గురువారం మాట ఒక్కొక్క ముక్కగా అర్థమైంది. అవ్వ రెండేండ్ల నుంచి అడుగుతున్న ఆపరేషను. కాక రాగానే దవాఖానలో మాట్లాడి తేదీ తీసుకున్నాడని వాడంతా మెచ్చుకుంది. కొడుకంటే గట్లుండాలె అంది పక్కింటి రుక్మాబాయి. అవ్వ ఆ రోజు ఆనందంతో రెండుసార్లు ముక్కు చీదుకుంది.

లత లేచి నిలబడింది. “కాకా... అవ్వ...”

“అవ్వ ఏంది? ఎండిపోయిన చెత్త గది. పువ్వు ఒక్కటన్న ఉన్నదా? కారు తెస్తె ఏడ పెట్టాలె, నీ నెత్తి మీదనా?”

అతని మోచేతి పక్కనే చామంతులు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. లత వాటి వైపు చెయ్యి చూపింది. కాక చూడలేదు. అరుగు మీద అమ్మ కత్తెర ఆగింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది.

డోజరు పళ్లెం నేలకు దిగి ముందుకు వచ్చింది. ఎండిన చెట్లు పచ్చివాటిలా వంగవు. పుటపుటా విరిగాయి. సీతజడలు విరిగిన చోటల్లా గింజలు నల్లగా చిమ్మాయి. గునుగు దూది గాలిలో లేచి డోజరు అద్దానికి అంటుకుంది. కంకుల మీదున్న పిచ్చుకలు ఒక్కపెట్టున లేచి, గోడ మీద వాలి, అక్కడే తోకలు ఆడిస్తూ చూశాయి. రెండోసారి వచ్చినప్పుడు చామంతులు పోయాయి. మట్టితో సహా అంతా తీసుకుపోయి గల్లీ చివర మురుగు మోరీ పక్కన కుప్పగా పోశారు. మధ్యాహ్నానికి మొరం మట్టి పరిచారు. మేస్త్రీలు సాయంత్రానికి సిమెంటు కాంక్రీటు పోసి, చెక్కతో సాఫు చేసి, చేతులు కడుక్కుని పోయారు.

మర్నాడు బాపు ఆటోలో అవ్వను తెచ్చాడు. ఒక కంటికి గాజుగుడ్డ పట్టీ, దాని మీద నల్లద్దాలు. రెండో కన్ను పాతదే, మసక. అవ్వను ముందుగదిలో మంచం మీద కూర్చోబెట్టి, కాక అందరినీ వంటింట్లోకి పిలిచాడు.

“డాక్టరు దుమ్ము తగలద్దన్నడు. పెరటి తలుపు తియ్యద్దు. స్నానాలగది ముందటనే ఉన్నది, ఆమెకు వెనకకు పోయే పనే లేదు. పై వారం కారు తెస్త. అవ్వతోనె కొబ్బరికాయ కొట్టిస్త. కారు జూసినంక అన్ని మర్సిపోతది.”

బాపు గోడకు ఆనుకుని నేల చూశాడు. “ముందుగాల ఒక్క మాట చెప్తె అయిపోతుండెర” అన్నాడు.

“నువ్వు చెప్పు మరి, పో. ఆపరేషన్ చేపిచ్చింది నేను, చెప్పుడు గూడ నేనేనా?”

బాపు కదల్లేదు. కాక లత వైపు తిరిగాడు. “నువ్వు ఆమె పక్కపొంటి ఉండు. అడిగితె అన్ని మంచిగున్నయని చెప్పు. నువ్వెట్లాగు ఎక్కువ మాట్లాడవు గద. ఇంకోటి, సిమెంటుకు పొద్దుమాపు నీళ్లు వట్టాలె. లేకుంటె పగులుతది.”

నిరోష నవ్వుతూ లత గడ్డం పట్టి ఊపింది. “మా లత బంగారం. నోట్ల నాలికె ఉన్నదో లేదో దేవునికే ఎరుక.”

లత ఆ సాయంత్రం పైపు తీసుకుని, ఇంటి పక్క సందులో నిలబడి గోడ మీదుగా పెరట్లోకి పట్టింది. చెట్లకు పోసిన పైపే. మట్టి మీద పడితే నీళ్లు మెత్తగా ఇంకేవి. సిమెంటు మీద చిటపటా కొట్టి, గట్టుదాకా పాకి, నిలిచిపోయాయి. లోపల మంచం మీద అవ్వ తల తిప్పింది.

“లతా, నీళ్లు వడుతున్నవా?”

“ఆ అవ్వా.”

“ఎండినవాటికి నీళ్లెందుకే? గింజ బూజు వడ్తది.”

లత పైపు అలాగే పట్టుకుని నిలబడింది. వంటింటి కిటికీలోంచి కాక కనుబొమలు ఎగరేశాడు.

“చామంతులకు పోస్తున్న అవ్వా.”

“అట్లనా, పొయ్యి పొయ్యి. అవిట్ల మొగ్గలున్నయింక.” అవ్వ మళ్లీ చెవి ఒగ్గింది. “కనకాంబరం ఎన్నుల మీద పడ్తలెవా నీళ్లు? పేలిన సప్పుడే లేదు.”

ఎండిన కనకాంబరం ఎన్నుకు నీళ్లు తగిలితే కాయలు టప్ టప్ మని పేలి గింజలను దూరంగా విసురుతాయి. లత చిన్నప్పుడు ఏడిస్తే అవ్వ ఒక ఎన్ను తెంపి గిలాసలో వేసేది. నీళ్లలో అది పేలి మొఖం మీద చిమ్మితే ఏడుపు ఆగి నవ్వు వచ్చేది.

“అన్ని పేలిపోయినయి అవ్వా” అంది లత.

“గప్పుడేనా!” అవ్వ నిట్టూర్చింది. “నేనుంటె విందును.”

ఆ అబద్ధం అంత సులభంగా బయటికి రావడం లతకు నచ్చలేదు. కానీ మరునాడు ఇంకోటి వచ్చింది. పట్టీ తీసేశారు, నల్లద్దాలు ఉంచారు. అవ్వ అద్దాలు పైకెత్తి మొదట చూసింది లత మొఖమే.

“నీ ముక్కు మీద గీ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చిందే?”

“ఎప్పటి నుంచో ఉన్నది అవ్వా.”

“ఓయమ్మ. నీ మొఖం గింత మంచిగ కనవడుతుంటె, ఇగ నా బంతులు ఎట్ల కనవడ్తయో. తలుపు జర తీస్తె ఏమైతది?”

“దుమ్ము అవ్వా. కన్ను ఖరాబైతదన్నడు డాక్టరు.”

“అవునవును. ఇన్ని దినాలు ఆగినదాన్ని, ఇంకొన్ని ఆగుత. నువ్వే చెప్పు. కూసోని చెప్పు.”

లత మంచం పక్కన కింద కూర్చుంది. మొదట ఒక్క మాట, తర్వాత ఇంకో మాట. బంతుల తలలు పూర్తిగా గోధుమరంగుకు వచ్చాయని చెప్పింది. గోడ పక్క సీతజడ ఒకటి బరువుకు వంగి నేలకు తగిలిందని, దానికి కర్ర ఊతమిచ్చానని చెప్పింది. పొద్దున్నే పిట్టలు రెండు ఒకే కంకి మీద కూర్చుంటే కంకి ఒరిగిపోయిందని, అవి కొట్లాడుకుంటూ జారిపడ్డాయని చెప్పింది. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

“పిట్టల సప్పుడు నాకెందుకు ఇనవడ్తలె?”

“చలికి ఆలస్యంగ వస్తున్నయి. నువ్వప్పుడు పండుకోనుంటవు.”

అలా రోజూ. పొద్దున సిమెంటుకు నీళ్లు పట్టడం, తర్వాత అవ్వ కంట్లో చుక్కలు వేయడం, తర్వాత లేని పెరడును చెప్పడం. బళ్లో ఒక్క వాక్యం పూర్తిగా పలకలేని పిల్లకు ఇక్కడ మాటలు దొర్లుకుంటూ వచ్చాయి. ఏ రోజు చెప్పేది ఆ రోజు ఇంకా బాగా ఉండేది. చెబుతున్నంతసేపూ పెరడు ఆమెకు కూడా కనిపించేది. చెప్పడం అయిపోయి పెరటి తలుపు సందులోంచి చూస్తే బూడిద రంగు సిమెంటు, దాని మీద నిలిచిన నీళ్లలో ఆకాశం.  కాక మీద మండేది. కత్తెర ఆపి మళ్లీ కత్తిరించిన అమ్మ మీద, నేల చూసే బాపు మీద మండేది. నోరులేని పిల్ల అని చెప్పి, ఇంట్లోని అబద్ధమంతా ఆ నోట్లోనే పెట్టినందుకు మండేది.

రుక్మాబాయి అవ్వను పలకరించడానికి వచ్చింది. గల్లీలోంచి పెరటి గోడ మీదుగా సిమెంటు చూసుకుంటూనే వచ్చింది. మంచం మీద కూర్చుని, తెచ్చిన అరటిపండ్లు దిండు పక్కన పెట్టి, కాక వైపు చూసి పెదవి బిగించి నవ్వింది.

“కండ్లు వచ్చినయి గద హన్మక్కా. ఇగ మిరుగుకు గింజలు మాకే ముందుగాల ఇయ్యాలె, చెప్తున్న.”

“ఎందుకియ్య! గీసారి సీతజడ మస్తు గింజ వట్టింది. మా లత చెప్తున్నది.”

“అవునా” అంది రుక్మాబాయి. లత మొఖం చూడలేదు.

వాకిట్లోకి వచ్చాక లత ఆమె కొంగు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ల కొంగు అలా పట్టుకుంది.

“రుక్మక్కా, మీ ఇంట్ల గింజలున్నయా? నిరుడు అవ్వ ఇచ్చినవాటికి పూసినయి గద.”

“పూసినయి బిడ్డా. బతుకమ్మకు తెంపినం, చెట్లు పీకి పారేసినం. ఏటేట అవ్వ ఇస్తది గద, మేమెందుకు దాస్తం?”

“మరి ఆమెకు ఎందుకు చెప్పలె? నువ్వు జూసినవు గద సిమెంటు.”

రుక్మాబాయి కొంగు విడిపించుకుంది. “మీ ఇంటి ముచ్చట మీది. నాకెందుకు కిరికిరి.”

లత వాడలో ఇంకో రెండు ఇండ్లు అడిగింది. అక్కడా అదే మాట. ఆ పెరటి పూలు తెంపని ఇల్లు లేదు. ఒక్క గింజ దాచిన ఇల్లూ లేదు.

కారు వచ్చే రోజు నిరోష పొద్దున్నే పట్టుచీర కట్టుకుంది. కాక కామారెడ్డి నుంచి తెప్పించిన బంతిపూల దండలు ప్లాస్టిక్ సంచిలో అరుగు మీద పెట్టాడు. దండల వాసన లోపలికి వచ్చింది. అవ్వ ముక్కుపుటాలు ఎగరేసింది.

“బంతివాసన ఏడికెల్లి? నా పెరట్ల బంతి ఎండిపాయె గద?”

“కొన్నయి అవ్వా, కారుకు” అన్నాడు కాక. “నీకు కొత్త చీర దెచ్చిన. కట్టుకో. కొబ్బరికాయ నువ్వే కొట్టాలె.”

“కొడ్తగని ముందుగాల నాకొకటి కావాలె.” అవ్వ లత చెయ్యి పట్టుకుంది. “ఒక్క కనకాంబరం ఎన్ను తెంపుకరా బిడ్డా. పేలంది ఒక్కటన్న ఉంటది, ఆకుల కింద జూడు. గిలాసల ఏసి సప్పుడు విని, గప్పుడు చీర కట్టుకుంట.”

గదిలో అందరూ లత వైపు చూశారు. కాక పెరటి తలుపు వైపు తల ఊపాడు. పో, ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు.

లత పెరటి తలుపు తీసి, వెంటనే వెనక మూసి, సిమెంటు దాటి, గేటులోంచి గల్లీలోకి పరుగెత్తింది. మోరీ పక్క కుప్ప మీద ఎవరో చెత్త కూడా పోశారు. కోళ్లు కెలుకుతున్నాయి. ఒక పక్కన పిచ్చుకలు వాలి, విరిగిన సీతజడలను పొడుస్తున్నాయి. వాటికి జాగా మారిందన్న పట్టింపు లేదు. లత మోకాళ్ల మీద కూర్చుని మట్టిగడ్డలు తీసింది. కనకాంబరం కొమ్మలు నలిగి నల్లబడ్డాయి. పైనున్న ఎన్నులన్నీ మంచుకు ఎప్పుడో పేలి, నోళ్లు తెరిచి ఉన్నాయి. ఒక సిమెంటు సంచి ఎత్తి చూస్తే దాని కింద ఒక ఎన్ను పొడిగా దొరికింది. దానికి మూడో నాలుగో కాయలు మూసుకునే ఉన్నాయి. మట్టి ఊది, అరచేతిలో పెట్టుకుని, చెమట తగలకుండా వేళ్లు విప్పి ఇంటికి వచ్చింది.

అవ్వ గిలాస చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. లత ఎన్నును అందులో వేసింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఏమీ కాలేదు. కాక పెదవి కొరుక్కున్నాడు. అవ్వ చెవి గిలాసకు దగ్గరగా పెట్టింది.

టప్.

నీటి చుక్క ఎగిరి అవ్వ చెంప మీద పడింది. ఇంకోసారి టప్. గింజ ఒకటి గిలాస దాటి దుప్పటి మీద పడింది. అవ్వ చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. వేళ్లతో వెతికి ఆ గింజను పట్టుకుంది.

“చాలు బిడ్డా. గిది చాలు. నా పెరడు నాకున్నది. తేండ్రి చీర, కట్టుకుంట.”

కాక గట్టిగా ఊపిరి వదిలాడు. నిరోష చీర మడత విప్పింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. బాపు కూడా నవ్వాడు. ఇల్లంతా ఒక్కసారి తేలికైంది. లత తప్ప. అబద్ధం గెలిచింది. అవ్వ చెంప మీద ఆ నీటిచుక్క ఇంకా మెరుస్తోంది.

“అవ్వా, పెరడు లేదు.”

ఎవరికీ వినపడలేదేమో అనుకుని లత మళ్లీ చెప్పింది. ఈసారి బళ్లో ఎప్పుడూ పలకనంత గట్టిగా.

“పెరడు లేదవ్వా. నువ్వు దవాఖానకు పోయిన దినమే డోజర్‌తోని తీసిండ్రు. నువ్వు ఉండవనే గా దినం పెట్టిండ్రు. సిమెంటు పోసిండ్రు. నేను పోసేటివి సిమెంటుకు నీళ్లు. గీ ఎన్ను మోరీకాడి కుప్పల దొరికింది.”

“ఏయ్!” కాక చెయ్యెత్తాడు. బాపు ఆ చెయ్యి పట్టుకున్నా కాక ఆగలేదు. “నోరులేని పిల్ల అనుకుంటె కొంప ముంచె గద! అవ్వా, నేనే చెప్పెటోన్ని. కారు రాంగనే...”

అవ్వ గిలాసను కింద పెట్టింది. నల్లద్దాలు తీసి దిండు మీద పెట్టింది. ఆపరేషను చేసిన కన్ను ఎర్రగా, కొత్తగా, రెప్ప వేయకుండా కాకను చూసింది.

“బాలయ్యా, గన్ని దినాలల్ల నువ్వు పెరడు గురించి నాతోని ఒక్క మాటన్న మాట్లాడినవా?”

“లేదే అవ్వా, అంటె...”

“మాట్లాడలె. మీ అన్న గూడ మాట్లాడలె.” ఆ కన్ను లత మీదికి తిరిగింది. ముక్కు మీది పుట్టుమచ్చను చూసిన కన్నే. “పొద్దుపొద్దున నా పక్కన కూసోని చెప్పింది నువ్వు.”

“వాళ్లే చెప్పుమన్నరవ్వా.” లత కాక వైపు చెయ్యి చూపింది. “అన్ని మంచిగున్నయని చెప్పుమన్నరు.”

“చెప్పుమన్నరు. సరే.” అవ్వ మంచం పట్టె పట్టుకుని లేచింది. “గంత మంచిగ చెప్పుమన్నరా?”

 లతకు కంకి మీద కొట్లాడుకున్న రెండు పిట్టలు గుర్తొచ్చాయి. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వడం గుర్తొచ్చింది.

దుప్పటి మీద దొరికిన గింజను పిడికిట్లోనే పెట్టుకుని అవ్వ నడిచింది. గోడ పట్టుకోలేదు. కొత్త కన్నుతో దారి చూసుకుంటూ వంటింట్లోకి, అక్కణ్నుంచి పెరటి తలుపు దగ్గరికి పోయింది. లత వెంట పరుగెత్తింది. అవ్వ తలుపు తీసింది. పొద్దున లత పట్టిన నీళ్లు సిమెంటు మీద ఇంకా నిలిచే ఉన్నాయి. ఎండకు వాటి మెరుపు అవ్వ మొఖం మీద పడింది. ఆమె ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఆ నీళ్లలో పెట్టింది.

“అవ్వా, నేనొస్త” అంది లత, గడప మీద కాలు మోపుతూ.

అవ్వ వెనక్కి తిరిగి, ఒక్క క్షణం ఆమెను చూసి, తలుపు వేసింది.